అయిపోయినట్టే

మొన్న మంగళవారం భోజనాలయ్యాక క్లాసు. 22 మంది కూర్చున్నారు. సగం మందికి అప్పటికే కళ్లు మూతలు పడుతున్నాయి. ప్రొజెక్టర్ వెయ్యకుండా బోర్డు మీద మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో ఒక్క మాట రాశాను: అయిపోయినట్టే. "ఈ వారంలో ఈ మాట ఎవరెవరి నోట వచ్చింది?" అని అడిగాను. ముందు నవ్వారు. తర్వాత వెనక వరసలో ఒక చెయ్యి లేచింది, దాని పక్కన ఇంకోటి. కాసేపటికి అందరి చేతులూ పైనే ఉన్నాయి. నా చెయ్యి కూడా ఎత్తాను. సోమవారం రాత్రి నేనూ అన్నాను ఆ మాట.

నేను విమానాల మెయింటెనెన్స్ ఇంజినీర్‌ని. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. గత ఆరేళ్లుగా వారానికి రెండు రోజులు క్లాసు చెబుతున్నాను, మిగతా రోజులు హ్యాంగర్‌లోనే ఉంటాను. మా లైసెన్సు పరీక్షల్లో మాడ్యూల్ 9 అని ఒక పేపరు ఉంది, దాని పేరు హ్యూమన్ ఫ్యాక్టర్స్. మిగతా పేపర్లు చాలావరకు ఇంజిన్ గురించి, కరెంటు గురించి, రెక్క మీద గాలి గురించి. ఇది మాత్రం పానా పట్టుకున్న మనిషి గురించి. తెల్లవారుజామున మూడింటికి వాడి బుర్ర ఎలా పనిచేస్తుంది, తొందరలో కళ్లెదుట ఉన్నది ఎందుకు కనిపించదు, పెద్దవాళ్ల ముందు నోరెందుకు పెగలదు. లైసెన్సు వచ్చాక కూడా ఇది వదలదు. రెండేళ్లకోసారి ప్రతి ఒక్కరూ వచ్చి మళ్లీ కూర్చోవాలి.

దీన్ని చాలామంది పిల్లలు తేలిక పేపరు అనుకుంటారు. 1993లో కెనడా రవాణా శాఖలో పనిచేస్తున్న గోర్డన్ డూపాంట్ అనే ఆయన, మెయింటెనెన్స్‌లో మనిషి పొరపాటుకు దారితీసే పన్నెండు కారణాలను ఒక జాబితాగా రాశాడు. డర్టీ డజన్ అంటారు. అలసట, ఒత్తిడి, పరధ్యానం, మాట సరిగ్గా చేరకపోవడం, ధీమా, గట్టిగా చెప్పలేకపోవడం, ఇలా సాగుతుంది. మా పిల్లలు దాన్ని ఎక్కాల్లాగా అప్పజెబుతారు. "ల్యాక్ ఆఫ్ అసర్టివ్‌నెస్ అంటే ఏంటి నాన్నా?" అంటే పుస్తకంలో ఉన్న వాక్యం ఉన్నట్టు చెప్పేస్తాడు. అదే కుర్రాడు అరగంట తర్వాత, సీనియర్ విప్పాల్సింది కాకుండా వేరే ప్యానెల్ విప్పుతున్నాడని తెలిసి కూడా, పక్కన టార్చి పట్టుకుని నిలబడతాడు.

ఎందుకంటే వాడు చదువుకున్నది ఇంగ్లీషులో. హ్యాంగర్‌లో బతికేది తెలుగులో, కొంచెం హిందీలో. చెయ్యాల్సిన పని రాసి ఉండే టాస్క్ కార్డు ఇంగ్లీషు, మాన్యువల్ ఇంగ్లీషు, కానీ షిఫ్టు మారేటప్పుడు ఒకరికొకరం చెప్పుకునే మాట మన మాట. పొరపాటు దూరేది ఆ మాటల్లోంచే. నాకు ఈ సంగతి క్లాసులో తెలియలేదు. ఒక స్క్రూ వల్ల తెలిసింది.

2011 డిసెంబరు. ఊరి పేరూ కంపెనీ పేరూ ఇక్కడ అనవసరం. నాకు సంతకం పెట్టే అధికారం వచ్చి ఏడాదిన్నర. రాత్రి షిఫ్టుకు వెళ్లేసరికి ఒక ఎయిర్‌బస్ ఎ320 రెక్క కింద ఫ్లాప్ ట్రాక్ ఫెయిరింగ్ ప్యానెల్ పని నడుస్తోంది, రెక్క వెనక ఫ్లాపులు కదిలే పట్టాలకు అది మూత. గ్రీజు పెట్టడానికి ప్యానెల్ విప్పారు, పెట్టారు, మళ్లీ మూస్తున్నారు. సాయంత్రం షిఫ్టు టెక్నీషియన్ నాకంటే పదేళ్లు పెద్ద. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి. పనిమంతుడు, ఆ మాట ఇప్పటికీ అంటాను. బయట స్టాఫ్ బస్సు హారన్ కొడుతోంది. ఆయన చేతులు తుడుచుకుంటూ వస్తున్నాడు. "అన్నా, ప్యానెల్ అయిపోయిందా?" అన్నాను. "అయిపోయినట్టే తమ్ముడూ" అని బస్సెక్కాడు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. స్క్రూలన్నీ ఎక్కించాడు. ఎనిమిది బిగించాడు. మిగతావి చేత్తో తిప్పి వదిలాడు, ఎందుకంటే మధ్యలో ఎవరో వేరే విమానం దగ్గరికి పిలిచారు. ఆయన లెక్కలో మిగిలింది పది నిమిషాల పని, అందుకే "అయిపోయినట్టే". నా చెవికి ఆ "నట్టే" చేరలేదు. అయిపోయింది అనే విన్నాను. ఆ రాత్రి నాకు ఒక టైరు మార్పిడి ఉంది, క్యాబిన్‌లో సీటు ఒకటి వెనక్కి వాలడం లేదు, ఇంకో విమానంలో హైడ్రాలిక్ లీకు చూడాలి. నాలుగుంపావుకి కార్డులన్నీ ముందేసుకున్నాను. కింద నిలబడి టార్చి వేసి చూశాను. ప్యానెల్ దాని చోట అది ఉంది. పని పూర్తయిందని స్టాంపు వేశాను.

అప్పుడు మా దగ్గర ఒక అప్రెంటిస్ అమ్మాయి ఉండేది, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చింది. చేరి నాలుగు నెలలు. తెల్లవారుజామున సామాన్లు లెక్కపెట్టి టూల్ స్టోర్‌కి అప్పజెప్పడం తన పని. నేను టెక్ లాగ్, అంటే విమానానికి చేసిన పనుల పుస్తకం, రాస్తుంటే వచ్చి నిలబడింది. "సార్, ఆ ఫెయిరింగ్ దగ్గర ఒకటి రెండు స్క్రూలు కొంచెం పైకి ఉన్నట్టు అనిపించింది సార్. నాకే అలా అనిపించిందేమో."

నేను తల ఎత్తలేదు. "చూశాన్లే అమ్మా" అన్నాను.

వెళ్లిపోయింది. ఐదు నిమిషాలో పది నిమిషాలో గడిచాక మళ్లీ వచ్చింది. ఈసారి ఏమీ అనలేదు. అరచెయ్యి నా కాగితం మీద చాపింది. అరచేతిలో ఒక స్క్రూ ఉంది. చివర మరలకు ఇంకా కొత్త గ్రీజు మెరుస్తోంది. "ముట్టుకుంటే ఊడి చేతిలోకి వచ్చింది సార్" అంది. చెయ్యి వణుకుతోంది. నాది కూడా.

ఎక్కి పనిచేసే స్టాండు తోసుకుంటూ పరిగెత్తాను. ఇరవై రెండిట్లో పద్నాలుగు వదులుగా ఉన్నాయి. అన్నీ బిగించి, మాన్యువల్‌లో చెప్పినంత బిగువు, అంటే టార్క్, పెట్టి, కార్డు మళ్లీ రాసేసరికి ఫ్లైటు కొంచెం ఆలస్యమైంది. షిఫ్టు ఇన్‌చార్జి "ఎగరలేదు కదా, వదిలెయ్" అన్నాడు. నేనూ వదిలేశాను. నా కెరీర్‌లో నేను సిగ్గుపడేది పద్నాలుగు స్క్రూలకు కాదు, ఆ వదిలెయ్యడానికి. ఆ రోజు రిపోర్టు రాసి ఉంటే, బస్సు హారన్ సంగతీ మధ్యలో పిలిచిన సంగతీ ఎవరో ఒకరు చదివేవారు. ఇంకో షిఫ్టులో ఇంకో ప్యానెల్ దగ్గర ఎవరికో పనికొచ్చేది. రాస్తే నన్నూ ఆ అన్ననూ తిడతారన్న భయం ఒక్కటే అడ్డం. ఇప్పుడు నేను పనిచేసే చోట పొరపాటు చెప్పుకున్నవాణ్ణి శిక్షించరు, దాచినవాణ్ణి అడుగుతారు. ఈ తేడా చూశాకే క్లాసు చెప్పడానికి ఒప్పుకున్నాను.

ఈ కథ చెప్పాక క్లాసులో అమెరికా కథ చెబుతాను. 1991 సెప్టెంబరు 11. కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ వారి ఎంబ్రాయర్ 120, రెండు ప్రొపెల్లర్ల చిన్న విమానం. లరేడో నుంచి హ్యూస్టన్ వెళ్తూ టెక్సాస్‌లో ఈగిల్ లేక్ దగ్గర గాల్లోనే విరిగి పడిపోయింది. 14 మంది ఉన్నారు, ఒక్కరూ మిగల్లేదు. ముందు రాత్రి దాని తోక మీద అడ్డంగా ఉండే రెక్క ముందు అంచుకు, పేరుకున్న మంచును విరగ్గొట్టే రబ్బరు తొడుగులు మార్చే పని పెట్టుకున్నారు. సాయంత్రం షిఫ్టు వాళ్లు కుడి వైపు పని మొదలెట్టారు. ఒక ఇన్‌స్పెక్టరు సాయం చేద్దామని ఎడమ వైపు పై స్క్రూలు కూడా తీసేశాడు. మొత్తం 47. షిఫ్టు మారింది. రాత్రి వాళ్లు కుడి వైపు పూర్తి చేశారు. ఎడమ వైపు పని ఇంకో రోజుకు వాయిదా పడింది. కింద స్క్రూలు అలాగే ఉన్నాయి కాబట్టి అంచు దాని చోట అది కూర్చునే ఉంది. పైన స్క్రూలు లేవన్న సంగతి ఒక షిఫ్టు నుంచి ఇంకో షిఫ్టుకు దాటలేదు. తెల్లారి విమానం హ్యూస్టన్ నుంచి లరేడోకు బాగానే వెళ్లింది కూడా. తిరిగి వచ్చేటప్పుడు అంచు ఊడింది.

ఇక్కడ నేను చాలాసేపు ఆగుతాను. ఆ ఇన్‌స్పెక్టరు పని ఎగ్గొట్టినవాడు కాదు. తన పని కానిదాన్ని సాయంగా చేసినవాడు. మన హ్యాంగర్లలో మంచి పేరున్నది అలాంటి మనుషులకే. "వాడు చెయ్యి వేస్తే పని పరిగెడుతుంది" అంటాం. చెయ్యి వేసింది ఎక్కడో కాగితం మీద పడకపోతే ఆ సాయమే ఉరితాడు. నా 2011 కథలో అన్న కూడా ఇంకోచోట సాయం చెయ్యడానికే వెళ్లాడు.

ఇంకో మాట ఉంది మనకు, "వేసే ఉంటారు". మూసే ఉంటారు, చూసే ఉంటారు, పెట్టే ఉంటారు. కళ్లతో చూడనిదాన్ని నిజం చేసేసే శక్తి ఆ "ఉంటారు"కి ఉంది. 2013 మే 24 పొద్దున హీత్రో నుంచి ఓస్లోకు బయల్దేరిన ఎయిర్‌బస్ ఎ319 విమానానికి, ఇంజిన్లను కప్పే కౌల్ తలుపులు నేల వదుల్తూనే రెండు వైపులా ఊడి ఎగిరిపోయాయి. ఇంధనం కారి ఒక ఇంజిన్‌కి మంట అంటుకుంది. 80 మంది క్షేమంగా దిగారు, అదృష్టం. రాత్రి ఏం జరిగిందంటే, ఇద్దరు టెక్నీషియన్లు జనరేటర్ నూనె చూడటానికి కౌల్ తెరిచారు. నూనె పొయ్యడానికి కావాల్సిన పరికరం దగ్గర లేదు. తలుపులు దించి, గొళ్లేలు పెట్టకుండా, తర్వాత వద్దాంలే అని వెళ్లారు. తిరిగి వచ్చింది వేరే విమానం దగ్గరికి. అదే రంగు, నిలబెట్టిన చోటు వేరు. చూస్తే కౌల్ గొళ్లేలు పెట్టి ఉన్నాయి. ఎవరో మూసేసి ఉంటారు అనుకున్నారు.

ఈ కథ విని మా పిల్లలు మొదట నమ్మరు. "విమానాన్నే మర్చిపోతారా సార్?" అంటారు. రాత్రి రెండింటి నుంచి ఆరింటి దాకా శరీరం పడుకోవాలని గోల పెట్టే సమయం. వరసగా ఎనిమిది తెల్ల విమానాలు, ఒకటే లైటింగు. నేను వాళ్లను అడుగుతాను, "పెళ్లింటి బయట వందల చెప్పుల్లో మీ చెప్పులనుకుని పక్కవాడివి ఎప్పుడూ వేసుకోలేదా?" అని. అప్పుడు మౌనంగా ఉంటారు. ఆ గొళ్లేలు ఇంజిన్ అడుగున ఉంటాయి. మోకాళ్ల మీద కూర్చుని తల వంచితే తప్ప కనిపించవు. ఆ పొద్దున విమానం చుట్టూ నడిచి చూసిన కో-పైలట్ కంటికి కూడా పడలేదు. తర్వాత ఎయిర్‌బస్ ముందు గొళ్లేనికి ఒక తాళంచెవి పెట్టింది. గొళ్లెం సరిగ్గా పడితేనే ఆ తాళంచెవి బయటికి వస్తుంది, వచ్చాక దాన్ని కాక్‌పిట్‌లో దాని చోట పెట్టాలి. నాకు ఈ ఏర్పాటు చాలా నచ్చింది. "మూసే ఉంటారు" అనుకోవడానికి వీల్లేదు, తాళంచెవి దాని చోట ఉందో లేదో చూస్తే చాలు.

నా డ్రాయర్‌లో మందుల డబ్బా ఒకటుంది. అందులో రెండు బోల్టులు. పొడవు ఒకటే, లావులో తేడా అర మిల్లీమీటరు పైచిలుకు. క్లాసులో సగం లైట్లు ఆర్పి ఒక్కొక్కరి చేతికీ ఇస్తాను, ఏది లావో చెప్పమంటాను. వేళ్ల మధ్య తిప్పుతారు, కిటికీ వైపు ఎత్తి చూస్తారు, మరల మీద గోరు పెట్టి గీకుతారు. చాలామంది తప్పే చెబుతారు. అప్పుడు బర్మింగ్‌హామ్ కథ మొదలుపెడతాను.

1990 జూన్ 10, బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390, బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మలాగాకు. 17,300 అడుగుల ఎత్తులో కెప్టెన్ ముందున్న అద్దం ఊడిపోయింది. గాలి ఆయన్ని నడుం దాకా బయటికి లాగేసింది. క్యాబిన్ సిబ్బంది కాళ్లు పట్టుకుని వేలాడుతుంటే కో-పైలట్ అలస్టెయిర్ ఆచిసన్ సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్ టిమ్ లాంకాస్టర్ బతికి బయటపడ్డాడు. ఆ అద్దం బిగించి 27 గంటలే అయింది. 90 బోల్టుల్లో 84 కావాల్సిన దానికంటే 0.026 అంగుళం సన్నవి. షిఫ్టు మేనేజరే మనుషులు చాలక తెల్లవారుజామున స్వయంగా చేశాడు. పాత బోల్టు చేత్తో పట్టుకుని, మసక వెలుతురులో అరల్లోంచి కంటితో పోల్చి ఏరుకున్నాడు.

ఈ కథ అందరికీ అద్దం కథగానే తెలుసు. నేను చెప్పేది స్టోర్‌లో మనిషి కథ. షిఫ్టు మేనేజరు పాత బోల్టు పట్టుకుని మొదట స్టోర్‌కి వెళ్లాడు. అక్కడి సూపర్‌వైజరు ఎన్నో ఏళ్లుగా ఆ పనిలో ఉన్నవాడు. ఆ అద్దానికి వాడేది 8డి అనే రకం బోల్టులు అని చెప్పాడు. నిజంగా వాడాల్సింది అవే. మేనేజరు తీసిన పాతవి 7డి, అవి కూడా తప్పువే, అయినా అంతకాలం ఎగిరాయి, కాబట్టి అవే కావాలన్నాడు. స్టోర్ సూపర్‌వైజరు ఇంకో మాట అనలేదు. చెప్పాడు, కానీ పట్టుబట్టలేదు. సరిపడా 7డి అక్కడ లేవు. మేనేజరు ఇంకో స్టోర్‌కి వెళ్లి, చీకట్లో, 8సి ఏరుకొచ్చాడు, ఆ సన్న బోల్టులు అవే.

చెప్పాడు, కానీ పట్టుబట్టలేదు. నాకు ప్రతిసారీ ఆ శ్రీకాకుళం అమ్మాయి గుర్తొస్తుంది. తను రెండోసారి రాకపోతే? "నాకే అలా అనిపించిందేమో" అన్న చోటే ఆగిపోతే? మన ఇళ్లలో ఆ "ఏమో" చిన్నప్పట్నుంచీ నేర్పిస్తారు. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదు, చెప్పాల్సొస్తే మెత్తగా చెప్పాలి, తప్పు మనదేనన్నట్టు చెప్పాలి. అది మర్యాద. నేను ఆ మర్యాదను వదులుకోమనను. నాకు ఇష్టం కూడా. కానీ విమానం దగ్గర ఆ "ఏమో" తీసేసి మిగతా మర్యాదంతా ఉంచుకోవచ్చు. "సార్, ఎడమ రెక్క కింద ఫెయిరింగ్ స్క్రూలు పైకి ఉన్నాయి. మీరు వచ్చి చూడాలి." సార్ ఉంది, మీరు ఉంది. అనుమానం మాత్రం లేదు.

క్లాసులో దీన్ని సాధన చేయిస్తాను. ఒకడు సీనియర్, ఇంకోడు జూనియర్. సీనియర్ "చూశాన్లే" అనాలి. జూనియర్ అక్కణ్ణుంచి కదలకూడదు. మొదట్లో సిగ్గుపడి తల దించుకుంటారు. జనగామ నుంచి వచ్చిన ఒక కుర్రాడు మూడుసార్లు నీళ్లు నమిలి, నాలుగోసారి "సార్, మీరు చూసేదాకా నేను స్టాండు తియ్యను" అన్నాడు. గది మొత్తం చప్పట్లు కొట్టింది. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

మంగళవారం క్లాసులో ఒక పెద్దాయన ఉన్నాడు, రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నాడు. "మా రోజుల్లో ఈ క్లాసులు లేవు, మేం పని చెయ్యలేదా?" అన్నాడు. కోపంగా కాదు, బాధగానే అన్నాడు. ఆయనకు మా నాన్న సంగతి చెప్పాను. నాన్న మిర్యాలగూడ ఆర్టీసీ డిపోలో మెకానిక్. బస్సు చక్రం బిగించాక ఒక్కో నట్టు మీద నుంచి రిమ్ము దాకా సుద్దముక్కతో చిన్న గీత గీసేవాడు. గీత ఉంటే బిగించినట్టు. భోజనానికి ఎవరైనా పిలిస్తే గీత లేని నట్టు ఏదో తిరిగొచ్చాక చూడగానే తెలిసేది. ఇప్పుడు మేం టార్క్ పెట్టాక నట్టు మీద వేసే రంగు గీత సరిగ్గా అదే. నాన్న హ్యూమన్ ఫ్యాక్టర్స్ అన్న మాట ఎప్పుడూ వినలేదు, తన మతిమరుపును మాత్రం ఒప్పుకున్నాడు. పెద్దాయన కాసేపు ఆలోచించి, తను కూడా ఒకప్పుడు విప్పిన ప్యానెల్‌కు ఎర్ర గుడ్డ కట్టేవాణ్ణని చెప్పాడు. ఎందుకు మానేశారో ఆయనకే గుర్తులేదు. ఆ తర్వాత అరగంట క్లాసు ఆయనే నడిపాడు. నేను పక్కన కూర్చుని విన్నాను.

షిఫ్టు మారేటప్పుడు పని అప్పజెప్పడం, అంటే హ్యాండోవర్ విషయంలో మా పిల్లలకు ఒకటే అలవాటు చేస్తున్నాను. చేసింది తర్వాత రాయండి, చెయ్యనిది ముందు రాయండి. అంకెతో రాయండి. తెలుగులో రాస్తారో ఇంగ్లీషులో రాస్తారో మీ ఇష్టం, చదివేవాడికి అర్థమవ్వాలి. వీలైతే ఇద్దరూ ఆ ప్యానెల్ దగ్గరికే వెళ్లి, వేలు పెట్టి చూపించుకుని మారండి. బస్సు ఐదు నిమిషాలు ఆగుతుంది. ఆగకపోతే నాకు చెప్పండి, నేను మాట్లాడతాను.

నిన్న పొద్దున ఆరున్నరకు ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది. ఆ జనగామ కుర్రాడు పంపాడు. రాత్రి షిఫ్టు హ్యాండోవర్ షీటు, అడుగున బాల్‌పెన్నుతో, కొంచెం వంకర అక్షరాల్లో ఇలా ఉంది: "కుడి ఇంజిన్ కింద ప్యానెల్. 6 స్క్రూలు బిగించలేదు, చేత్తో తిప్పి వదిలాను. 17 టార్క్ అయ్యాయి, ఎర్ర గీత వేశాను. అన్నను తీసుకెళ్లి చూపించాను. కార్డు మీద స్టాంపు పడలేదు."